ఇమామ్ దాచుకున్న నొప్పి

రాయచోటి ఇమామ్ అరబ్బుల దేశంలో, అల్ ఘర్రాఫా అనే చోట ఒక ఇంటి డ్రైవరు. నడుములో మొదలైన నొప్పి నరం వెంబడి ఎడమ మడమ దాకా లాగుతుంది. వంటమనిషి సుభాషిణి "ఏమన్నా, కుంటుతాండావే?" అని అడిగితే, ఈమె మేడం చెవిన వేస్తుందేమోనని అనుమానం. "చెప్పు కరిచింది లేమ్మా" అంటాడు. కారు దిగే ముందు చుట్టూ చూసి, ఎవరూ లేకపోతేనే తలుపు పట్టుకుని, రెండు కాళ్లూ ఒకేసారి బయటపెట్టి, పళ్లు బిగించి లేస్తాడు.

ఇంటి పెద్దకొడుకు నాసర్ మంచు మీద స్కీలతో మైళ్లకొద్దీ సాగే పోటీలకు వెళ్తాడు. ఇక్కడ మంచు లేదు కాబట్టి తెల్లవారుజామున ఇమామ్ కారులో లుసైల్ సముద్రపు ఒడ్డుకు వెళ్లి, రోడ్డు మీద చక్రాల స్కీలు కట్టుకుని సాధన చేస్తాడు. ఒకరోజు సాధన మధ్యలోనే ఆపి, చేతికర్రల మీద ఒరుగుతూ కారు దగ్గరికొచ్చాడు. సీట్లో కూర్చోలేక పక్కనే చాప పరిచి వెల్లకిలా పడుకుని, మోకాలు ఛాతీకి లాక్కున్నాడు.

"నడుము నుంచి కాల్లోకి లాగుతోంది. నీకూ ఇదే కదా ఇమామ్? నువ్వు కారు దిగేది చూశాను."

పనికిరాడని తనను ఊరికి పంపేయడానికే ఈ కూపీ అనుకున్నాడు ఇమామ్. "మాఫీ సార్" అని అరబ్బీలో లేదనేసి, "నాకేం నొప్పి లేదు" అన్నాడు.

నాసర్ రెట్టించలేదు. "రోజుకు పదిసార్లు చేయమన్నాడు డాక్టరు" అంటూ, ఇమామ్‌కు కనబడేట్టు మెల్లగా మళ్లీ చేశాడు. ఇమామ్ సముద్రం వైపు తిరిగి, ఓరకంట చూస్తూ నిలబడ్డాడు. ఇల్లు చేరాక గదికి గడియ పెట్టి, దుప్పటి పరుచుకుని, అచ్చం అలాగే మోకాలు లాక్కున్నాడు.

వారం తర్వాత కారు వెనకసీట్లోంచి నాసర్ "ఇప్పుడెలా ఉంది?" అని అడిగాడు.

ఇమామ్ ముందరి అద్దంలో అతని ముఖం చూశాడు. "ముందు మీకెట్లుందో చెప్పండి సార్, ఆ తర్వాత నాది చెప్తా" అన్నాడు.