కుడి పక్క ఎక్కువ కదలాలి

ఆఫీసులో ఆమెను అందరూ హార్మోనియం అక్క అంటారు. పాపం, ఆమెకు పాటా రాదు, పద్యమూ రాదు. మందుల పెట్టెల్లో మడిచి పెట్టే కాగితాలు ఉంటాయే, మనలో చాలామంది విప్పకుండానే పారేసేవి, వాటి అనువాదాలను అసలుతో సరిచూడటం ఆమె పని. తెర మీద ఎడమ పక్క అసలు, కుడి పక్క అనువాదం. ఎడమదాన్ని కుడి చేత్తో మౌసు చక్రం తిప్పి జరుపుతుంది. కుడిదాన్ని ఎడమ చేత్తో కీబోర్డు నొక్కి జరుపుతుంది. దూరం నుంచి చూసేవాళ్లకు ఆ పేరు తట్టిందంటే తప్పు వాళ్లది కాదు.

పదిహేడేళ్లుగా అదే పని. అంతా కాగితాల మీదే నడిచే రోజుల్లో ఒక పెద్దాయన పైకి చదువుతుంటే ఈమె అక్షరం కింద వేలు పెట్టి చూసేది. ఆయన రిటైరయ్యాక ఇద్దరి పనీ ఈమె నెత్తినే పడింది. కళ్లలో ఒత్తులు వేసుకుని చూస్తుంది కాబట్టి రోజుకు ఇరవై కాగితాలు మించవు.

మేనేజరుకు ఆ ఇరవై అంటేనే మంట. "ఆలస్యం అమృతం విషం అన్నారమ్మా," అన్నాడు ఒక సోమవారం పొద్దున్నే.

"మందుల విషయంలో తొందరే విషం సార్," అంది అక్క.

జవాబు బాగానే ఉంది గానీ, మేనేజర్ల దగ్గర మంచి జవాబులు చెల్లవు. "రోజుకు నలభై చూడాలి. ఈ వారం కుదరకపోతే వచ్చే వారం మీరు ప్యాకింగుకు మారిపోవాలి," అని తేల్చేశాడు. ప్యాకింగు తక్కువ పనేమీ కాదు. కానీ అక్కకు తనకంటూ చేతనైంది ఈ ఒక్కటే అని నమ్మకం. అది పోతుందంటే ఆమెకు నిజంగా భయం వేసింది.

పక్క గదిలోని ప్రోగ్రామరమ్మాయికి జాలేసి, పూట తిరక్కముందే ఒక ఉపాయం చేసి పెట్టింది. "అక్కా, ఇక రెండు చేతుల తిప్పలు లేవు. ఎడమది జరిపితే కుడిది దానంతటదే జరుగుతుంది. అది సగానికొస్తే ఇదీ సగానికి. అది అయిపోతే ఇదీ అయిపోతుంది."

పేరాలు కాస్త ఎగుడుదిగుడుగా నిలిచేవి గానీ, కళ్లు అలవాటు పడ్డాయి. బుధవారం సాయంత్రానికి మూడు రోజుల్లో నూట ఇరవై కాగితాలు చూసి, అన్నిటి కిందా సంతకం పెట్టేసింది. మేనేజరు స్వయంగా వచ్చి నవ్వి వెళ్లాడు. అవి సోమవారం అచ్చుకెళ్తాయి.

అక్క ఎప్పుడూ పని ముగించగానే హాయిగా టీ తాగుతుంది. ఆ రోజు మాత్రం సగం తాగి కప్పు పక్కన పెట్టేసింది. చిన్నపిల్లల జ్వరం మందు కాగితం ఒకటి మనసులో నలుగుతోంది. ఏమిటో తేలక, లేచి మళ్లీ తెరిచి పైనుంచి కిందికి జరిపింది. రెండు పక్కలూ అడుగులో అడుగు వేసుకుంటూ దిగాయి. అక్క పక్క గదికి కేకేసింది.

"అమ్మాయ్! ఇలా రా. ఈ రెండూ ఒకే వేగంతో కదులుతున్నాయి."

"అందుకేగా అక్కా నేనంత కష్టపడింది!"

"అది కాదే తల్లీ. మన అనువాదం ఎప్పుడూ అసలుకన్నా పొడుగు. రెండూ ఒకేసారి ముగియాలంటే కుడిది ఎక్కువ కదలాలి. మిగతావాటిలో అలాగే కదిలింది. ఇక్కడ కదల్లేదంటే కుడి పక్క ఏదో లేదు."

ఇద్దరూ వేళ్లు పెట్టి పేరాకు పేరా లెక్కపెట్టారు. ఎడమ పక్క పద్నాలుగు, కుడి పక్క పదమూడు. అనువాదంలో జారిపోయింది తొమ్మిదో పేరా: ఏడాది లోపు పిల్లలకు ఈ మందు ఇవ్వకూడదు. వెనకటి పద్ధతిలో అయితే తొమ్మిదో పేరా దగ్గర చేతులు తడబడి ఆగిపోయేవి. ఇప్పుడు తెర ఆ ఖాళీని పేజీ అంతా సర్దేసి, ఏమీ ఎరగనట్టు కూర్చుంది. ప్రోగ్రామరమ్మాయి ముఖం పాలిపోయింది. "తప్పు నీది కాదులే. సంతకం నాది," అంది అక్క.

అచ్చు విభాగానికి తనే వెళ్లి నూట ఇరవైనీ ఆపించింది. గురువారం, శుక్రవారం కొత్త కాగితం ముట్టుకోలేదు. పాత పద్ధతిలో రెండు చేతులతో జరుపుతూ, ఏ పేరా అయినా జారిందేమో అన్నంతవరకే అన్నిటినీ సరిచూసింది. ఈలోగా ప్రోగ్రామరమ్మాయి పేరాకు ఎదురుగా పేరా నిలిచేలా, లేనిచోట తెల్లగా ఖాళీ కనిపించేలా ఉపాయాన్ని మార్చే పనిలో పడింది.

శనివారం మేనేజరు పిలిపించాడు. "ఎన్ని దొరికాయి?"

"ఆ ఒక్కటే సార్."

"ఒక్కదానికోసం రెండు రోజులు! ఈ వారం రోజుకు నలభై అన్న లెక్క పోయినట్టే. ప్యాకింగు సంగతి గుర్తుందా?"

"ఉంది సార్."

"నూట ఇరవైలో ఒక్కటమ్మా! అది పెద్ద లెక్కా?"

"మనకు నూట ఇరవై సార్. ఆ పెట్టె విప్పిన తల్లి చేతిలో ఉండేది అదొక్కటే."