నా పాటలో ఇంకో గొంతు

ఇంటికొకరు కంప్యూటర్ కోర్సుల వెంట పడుతున్న రోజులవి. శ్రీకాకుళం నుంచి వచ్చి సికింద్రాబాద్ చిలకలగూడలో ఉండేవాళ్ళం. మావారు కంప్యూటర్ కొని, పాటలు రికార్డు చేసే సాఫ్ట్‌వేర్ ఒకటి ఎక్కించారు. ఫ్రీ అట!

“ఊకెనే ఎవరిస్తరక్కా? మీ గొంతు సుత గుంజుకుంటరేమో, జెర పైలం” అంది పక్కింటామె. అసలే నాకు అనుమానం, అది రెట్టింపయింది.

ఓ ఉదయం చెవులకు హెడ్‌ఫోన్స్ తగిలించుకుని మంగళహారతి పాడాను. తర్వాత స్పీకర్లలో పెట్టి వింటే, నా గొంతు వెనకాల ఇంకో ఆడగొంతు! నేను ‘పసిడి పళ్ళెరం’ అన్నచోట అది ‘పసుపు పళ్ళెరం’ అంటోంది. ఎవరి గొంతో దొంగిలించి నా పాటలో కలిపేశారనుకుని, ప్లగ్గు పీకేశాను.

వంటింట్లోంచి అత్తయ్య వచ్చారు.

“ఏటమ్మా, అలా పీకేసినావు? నువ్వు మాట తప్పు పాడతంటే నేనే అందించినాను. ఇనబడనేదేటి?”

“మీకు పాటలొచ్చా అత్తయ్యా? ఎప్పుడూ చెప్పలేదే!”

“ఎవులడిగినారమ్మా?”

పెళ్లయి అప్పటికి ఏడేళ్ళు. రోజూ వినే గొంతును పాటలో పోల్చుకోలేక దొంగసొత్తనుకున్నాను. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.