అది ఏ ‘ఏమండీ’?

మా అన్నయ్య కౌన్సిలర్. ఈ మాట ఎక్కడైనా అన్నానంటే వెంటనే రెండో మాట కూడా చెప్పుకోవాలి. ఒకసారి చెప్పకపోతే వెనకవీధి పెద్దాయన మురుగుకాలువ గురించి అర్జీ రాసి, వీధివాళ్లందరి చేతా సంతకాలు పెట్టించి, అన్నయ్య చేతికిచ్చాడు. వార్డు కౌన్సిలర్ కాదండీ, వేసవి సెలవుల్లో చర్చివాళ్లు పెట్టే యూత్ క్యాంపులో పిల్లలకి కౌన్సిలర్ అని చెబితే, “పోనీ కాలువ కోసం ప్రార్థనైనా చెయ్యి బాబూ” అని అర్జీ అక్కడే వదిలేసి వెళ్లాడు. అన్నయ్య నిజంగానే చేశాడు. కాలువ ఇప్పటికీ అలాగే ఉంది.

మిగతా ఏడాదంతా అన్నయ్య కళ్లజోళ్ల షాపులో అద్దాలు అరగదీసేవాడు. అమ్మానాన్నా పోయేనాటికి నేను స్కూల్లో ఉన్నాను. నన్ను పెంచాడు, చదివించాడు, పెళ్లి చేశాడు. తన పెళ్లి మాట ఎత్తితే మాత్రం “చూద్దాంలే” అనేవాడు. అలా చూస్తుండగానే నెత్తిమీద జుట్టు సగం సెలవు తీసుకుంది. ఒక్కడే వండుకుని, ఒక్కడే తిని, ఒక్కడే గిన్నె కడుక్కునే మనిషి. అది తలుచుకుంటే నాకు ముద్ద దిగేది కాదు.

వేసవి రాగానే మాత్రం మెళ్లో ఈల వేసుకుని మారిపోతాడు. క్యాంపు ఒక స్కూలు భవనంలో జరుగుతుంది. బెంచీలు గోడకి జరిపి చాపలు పరుస్తారు. పిల్లల్ని నిద్ర లేపడం, ఒకడి సబ్బు ఇంకొకడు అరగదీస్తే తీర్పు చెప్పడం, చేతులూపిస్తూ పాటలు పాడించడం, ఇంటిమీద బెంగతో ఏడ్చేవాడి పక్కన కూర్చోవడం అన్నయ్య పనులు. ఆ చివరిది బాగా చేస్తాడు. నోరెత్తి ఒక్క సలహా ఇవ్వడు. జేబురుమాలు ఇచ్చి కూర్చుంటాడు, అంతే.

ఆ క్యాంపుకో రూలుంది. పెట్టింది అన్నయ్యే. ఎవరూ ఎవర్నీ వట్టి పేరుతో పిలవకూడదు. పిల్లలు అన్నా, అక్కా అనాలి. పెద్దలు బ్రదర్, సిస్టర్ అనుకోవాలి. తప్పితే చెవులు పట్టుకుని పది గుంజీలు. “ప్రేమలేఖలు రాసే వయసు. ముందే వరస కలిపేస్తే గొడవుండదు” అని ఆయనగారి ఉపాయం. దానివల్ల నష్టపోయింది క్యాంపులో వంట చూసే నేను, సొంత చెల్లెల్ని. వంటగదిలోంచి “అన్నయ్యా!” అని కేకేస్తే పలికేవాడు కాదు. రోజంతా అదే కేక వింటుంటే ఏ కేక ఎవరిదో ఎలా తెలుస్తుంది? సొంత అన్నతో మాట్లాడటానికి ఊళ్లో పిల్లలందరి వెనకా నేను క్యూలో నిలబడ్డాను. ఒళ్లు మండిపోయేది.

మూడేళ్ల కిందట ఆడపిల్లల కౌన్సిలర్‌గా ఒక నర్సు వచ్చింది. ప్రథమ చికిత్స కూడా ఆవిడే చూసుకునేది. ఉద్యోగాన్ని బట్టి ఒక సిస్టర్, చర్చిని బట్టి ఇంకో సిస్టర్. తాళం మీద తాళం అన్నమాట. ఆవిడ వచ్చిన వారానికల్లా అన్నయ్యకి దెబ్బలు తగలడం మొదలైంది. రోజూ ఒక వేలు పైకెత్తి పట్టుకుని ఆవిడ గదికి వెళ్లడం, కట్టు కట్టించుకుని రావడం. పిల్లలందరికీ కలిపి వాడిన దూది కన్నా కౌన్సిలర్ ఒక్కడికి వాడిందే ఎక్కువ. నాకు అర్థం కాకుండా ఎలా ఉంటుంది?

ఈ ఏడు క్యాంపు మొదట్లోనే పిడుగులాంటి కబురు తెలిసింది. ఆవిడకి దూరపు ఆసుపత్రికి బదిలీ అయింది. క్యాంపు ముగిసిన మర్నాడే ప్రయాణం. ఇక రాదు. నేను అన్నయ్యని నీళ్ల ట్యాంకు చాటుకి లాక్కెళ్లాను.

“ఇప్పుడైనా చెప్తావా, చెప్పవా?”

“ఏమని చెప్పను? ‘సిస్టర్, మనం పెళ్లి చేసుకుందామా’ అనా? నువ్వొకసారి పైకి అని చూడు.”

అని చూశాను. నాకే ఒళ్లు జలదరించింది.

“పోనీ పేరు పెట్టి పిలువు.”

“రూలు పెట్టింది నేనే కదే!” అన్నాడు నీరసంగా. ఎవరు తవ్వుకున్న గోతిలో వాళ్లే పడతారంటారు. మావాడు పడి, పైన మూత కూడా వేసుకున్నాడు.

లాభం లేదని పాస్టరుగారి దగ్గరికి వెళ్లాను. ఆయన మంచాయన, కానీ ఒంటరిగా నిర్ణయం తీసుకోవడం ఆయనకి చేతకాదు. పోస్టాఫీసులో రిటైరైన సంఘపెద్దని కూడా పిలిపించారు. ముగ్గురం ఒకటో తరగతి గదిలో, మోకాళ్లు గడ్డానికి తగిలే బెంచీల మీద కూర్చున్నాం.

“ఒకసారి సిస్టర్ అయిన మనిషి సిస్టర్ కాకుండా పోవడానికి ముందెప్పుడైనా జరిగిన దాఖలా ఉందా?” అన్నారు సంఘపెద్ద.

“లేదండి” అన్నారు పాస్టరుగారు దిగులుగా.

“అయితే ఒక్కసారిగా రద్దు చెయ్యకూడదు. మధ్యంతరంగా ‘మేడమ్’ అని పిలవనివ్వండి. ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే తర్వాత చూద్దాం.”

అన్నయ్య పొద్దున్నే వెళ్లి “గుడ్ మార్నింగ్ మేడమ్” అన్నాడు. ఆవిడ మొహం చిన్నబోయింది. “నా మీద కోపమొచ్చిందా బ్రదర్?” అంది. “అయ్యో, లేదు సిస్టర్!” అన్నాడు. మధ్యంతరం అక్కడితో సరి.

క్యాంపు చివరి రోజుల్లో తాడు లాగుడు పోటీ పెట్టారు. తాడు పుటుక్కున తెగి మగపిల్లల జట్టు జట్టంతా అన్నయ్య మీద పడింది. ఒక్కొక్కణ్ణీ ఏరి పక్కన పెడితే అడుగున అన్నయ్య, కాలు మెలికపడి కనిపించాడు. అన్నేళ్లకి నిజమైన దెబ్బ తగిలింది. మైదానం అవతలి నుంచి మందుల డబ్బా పట్టుకుని పరుగెత్తుకొస్తూ ఆవిడ ఒక్క కేక పెట్టింది.

“ఏమండీ!”

మైదానమంతా ఆవిడ వైపు తిరిగింది. బ్రదర్ లేదు. అన్నా లేదు. వట్టి ఏమండీ.

“ఏమండీ, కదలకండి. కాలు చాపండి” అని ఆవిడ మళ్లీ అంది. పిల్లలు ఒక్కసారిగా “గుంజీలు! గుంజీలు!” అని గోల.

ఒకటో తరగతి గదిలో మళ్లీ సమావేశం.

“దాన్ని రుజువుగా తీసుకోలేం. బస్సులో కండక్టర్నీ ఏమండీ అనే పిలుస్తాం” అన్నారు సంఘపెద్ద.

“మా ఆవిడ నన్నూ అలాగే పిలుస్తుందండి.”

“ఏ గొంతుతో?”

పాస్టరుగారు గొంతు సన్నం చేసి, చివర కాస్త సాగదీసి, “ఏమండీ…” అన్నారు. వరండాలో కూరగాయలు తరుగుతున్న పాస్టరమ్మగారు కంగారుగా తొంగిచూసి, “నేను పిలవలేదే!” అన్నారు.

సంఘపెద్ద ఆలోచించి, సదరు మాటను ఏ అర్థంలో వాడారో ఆవిడ చేత రాతపూర్వకంగా వివరణ తీసుకుందామన్నారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. బెంచీలోంచి మోకాళ్లు పెరుక్కుని నేరుగా ఆవిడ గదికి వెళ్లాను. మందుల సీసాలు పెట్టెలో సర్దుకుంటోంది.

“సిస్టర్, సూటిగా అడుగుతున్నాను. బస్సు కండక్టర్నీ అలాగే పిలుస్తాం అంటున్నారు సంఘపెద్ద. అది ఏ ‘ఏమండీ’?”

ఆవిడ నవ్వలేదు. సీసా పక్కన పెట్టింది.

“కండక్టర్ని పిలిస్తే టికెట్ ఇస్తాడక్కా. మీ అన్నయ్యగారిని మూడేళ్లుగా మనసులో పిలుస్తూనే ఉన్నాను, పలకరే! రోజూ దెబ్బ లేని వేలు తెచ్చి చూపిస్తారు. నేను రోజూ కట్టు కడతాను. దెబ్బ లేని వేలికి కట్టు కట్టే నర్సుని మీరెక్కడైనా చూశారా?”

నాకు ఏడుపొచ్చేసింది. ఆవిణ్ణి గట్టిగా పట్టుకుని ఏడ్చాను. తర్వాత వెళ్లి అన్నయ్యకి చెప్పాను. బెంచీ మీద కాలు చాపుకుని అంతా విన్నాడు. కళ్లు తుడుచుకున్నాడు. మొట్టమొదట అడిగిన మాట ఇది: “మరి గుంజీలెవరు తీస్తారు?” ఆవిడ తనవి తను తీసింది. రూలు పెట్టిన పాపానికి అన్నయ్యకీ పది వేశారు పిల్లలు. కాలు బెణికిన మనిషి కదా, ఆ పదీ నేను తీశాను.

పెళ్లయింది. షాపు మానేసి అన్నయ్యే ఆవిడ వెంట వెళ్లాడు. “కళ్లజోడు అక్కర్లేని ఊరెక్కడుందే!” అన్నాడు. కొత్త కాపురం సర్దిపెట్టడానికి నేనూ వెళ్లాను. ఆ సాయంత్రం అన్నయ్యా నేనూ సరుకుల సంచులతో తిరిగొచ్చాం. అన్నయ్య అలవాటుగా తాళంచెవి కోసం జేబులన్నీ తడుముకున్నాడు. తలుపుకి తాళమే లేదు. లోపల గడియ పెట్టి ఉంది. మెల్లిగా తలుపు కొట్టాడు.

“ఎవరండీ?” అని లోపలి నుంచి ఆవిడ గొంతు.

అమ్మ పోయి, నేను అత్తారింటికి వెళ్లిపోయాక మా అన్నయ్యని సొంత ఇంట్లోంచి ఎవరూ అలా అడగలేదు. సంచీ చేతిలోనే ఉండిపోయింది.  పక్కిళ్లవాళ్లందరికీ వినబడేలా జవాబిచ్చాడు.

“నేనే, సిస్టర్!”



“ఇక్కడ సిస్టర్లెవరూ లేరండీ” అంది ఆవిడ. “పక్కింట్లో అడగండి.”