పటికబెల్లం కరిగేదాకా

పటికబెల్లం చూస్తే అందరికీ నోరూరుతుంది, నాకు మాత్రం ఒళ్ళు జలదరిస్తుంది. నా చిన్నప్పుడు ఒక ఆదివారం మా అమ్మమ్మ నా నోట్లో కుక్కిన ముక్క రుచి ఇంకా నాలుక మీదే ఉంది. చెవుల పక్కన జుట్టు నెరిసింది, మా ప్రార్థన గుంపులో పిల్లలు నన్ను పెద్దమ్మా అంటున్నారు. పెద్దరికం వచ్చింది గనుక ఇప్పుడైనా చెప్పాలి.

అప్పట్లో హైటెక్ సిటీ వైపు గాజు మేడలు ఒకటీ అరా లేస్తున్నాయి. లింగంపల్లి స్టేషన్ దాటాక ఒక అపార్ట్‌మెంటు కట్టడం సగంలో ఆగిపోయి ఉండేది. పైన ఇనుప ఊచలు, కింద సెల్లారు. ఆ సెల్లారులోనే మా సహవాసం. దానికి బోర్డు లేదు, పాస్టరు లేడు, మైకు లేదు. గుంటూరు వైపు నుంచి ఉద్యోగాలకొచ్చిన మాలాంటి కుటుంబాలు కొన్ని, చుట్టుపక్కలవాళ్ళు కొందరు చాపలేసుకుని కూర్చునేవాళ్ళం. ఎవరైనా రావచ్చు, ఎవరైనా లేచి మాట్లాడవచ్చు. పెద్ద చర్చికి వెళ్ళే బంధువులు “మీది సంఘమా, సత్రమా?” అని ఎగతాళి చేసేవారు. “సత్రమే. అన్నం కూడా పెడతాం, రండి” అనేది అమ్మమ్మ.

ఆ సత్రానికి ఒకే ఒక్క నియమం ఉండేది. ఎవరు ఏం చెప్పినా, చివర్లో ఆమేన్ ఒక్కొక్కరి నోటి నుంచీ వరసగా, విడివిడిగా రావాలి. ఒక్కరు చెప్పకపోయినా ఆ మాట అక్కడే ఆగిపోయేది, దాని గురించి మళ్ళీ కూర్చుని మాట్లాడుకునేవారు. పిల్లల ఆమేన్ కూడా లెక్కే. ఎవరు ఆమేన్ అన్నా అది సెల్లారు గోడలకు తగిలి, కాసేపాగి వెనక్కి వచ్చేది. మా తమ్ముడు ఆ సరదా కోసమే గొంతు చించుకునేవాడు.

వాడికి ఫిట్స్ వచ్చేవి. ఆస్పత్రిలో ఇచ్చిన మాత్రలు పూట తప్పకుండా వేస్తే అందరి పిల్లల్లాగే ఆడుకునేవాడు. ఒక్క పూట మరిస్తే చాలు, కళ్ళు తేలేసేవాడు. అందుకే మాత్రల డబ్బా ఎప్పుడూ అమ్మ సంచీలోనే ఉండేది.

ఆ రోజు మిట్టమధ్యాహ్నం. బయట ఎండ మండిపోతోంది, సెల్లారులో మాత్రం చల్లగా, మసకగా ఉంది. ఒక మూల ఎప్పటివో వాననీళ్ళు నల్లగా నిలిచి ఉన్నాయి. పాట సగంలో ఉండగా తెల్లచొక్కా వేసుకున్న ఒకాయన ర్యాంపు మొదట్లో చెప్పులు విడిచి కిందికి దిగి వచ్చాడు. ఆయన్ని ఎవరూ ఎరగరు. అమ్మమ్మ జరిగి చోటిచ్చింది. పాట అయ్యాక ఆయన లేచాడు, నేరుగా మా అమ్మ వైపు తిరిగి ఒక పేరు పలికాడు.

ఆ పేరు ఇక్కడ రాయను. నాకంటే ముందు పుట్టి, పుట్టిన రోజే పోయిన బిడ్డకు మా అమ్మ మనసులో పెట్టుకున్న పేరు అది. మా నాన్నకి కూడా చెప్పలేదట. అమ్మ ముఖంలో నెత్తురు చుక్క లేదు. అప్పుడే నేను ఇంకొకటి గమనించాను. అందరి గొంతులూ తిప్పి పంపే ఆ గోడలు ఆయన గొంతును మాత్రం పంపలేదు. మెల్లగా మాట్లాడాడేమో, నాకు ఇప్పటికీ తెలియదు.

“ఆ బిడ్డ పోయినట్టే వీడూ పోతాడమ్మా” అన్నాడు. “మాత్రలు మింగించడం అవిశ్వాసం. ఆ డబ్బా తీసి ఆ నీళ్ళలో పారెయ్యి. బొట్టు పెట్టుకున్న ఆవిడని ఇక్కణ్ణుంచి పంపించెయ్యి. ఇప్పుడే చేస్తే బతుకుతాడు.”

బొట్టు పెట్టుకున్నది మా పక్కింటి అక్క ఒక్కతే. బోరబండ నుంచి వచ్చి మా పక్క వాటాలో కిరాయికి దిగింది. గుడికీ వెళ్ళేది, పాటలు వినడానికి మా దగ్గరికీ వచ్చేది. ఎవరూ ఆమెను అదేమని అడగలేదు. పాపం, ఆమె వెంటనే లేచి నిలబడింది. “నా వల్ల పోరనికి ఏమన్న అయితదంటే నేనే పోత అమ్మమ్మా. గాడు మంచిగుంటె సాలు” అంది. మా తమ్ముణ్ణి చంకనేసుకుని తిప్పిన మనిషి ఆ మాట అంటుంటే నాకు ఏడుపొచ్చింది.

ఆమేన్ మొదలైంది. చాప ఆ కొస నుంచి ఒక్కొక్కరే చెబుతూ వస్తున్నారు. భయంతో చెప్పే ఆమేన్ ఎలా ఉంటుందో ఆ రోజే విన్నాను. అందులో ఊపిరే ఎక్కువ. అమ్మ కూడా చెప్పింది, చెబుతూనే డబ్బా బయటికి తీసింది. తర్వాతి వంతు నాది, నా తర్వాత అమ్మమ్మది. నేను నోరు తెరిచానో లేదో, అమ్మమ్మ కొంగు ముడి విప్పి నిమ్మకాయంత పటికబెల్లం ముక్క నా నోట్లో కుక్కింది.

“అది పూర్తిగా కరిగాక చెప్పవే. నమిలావంటే చూడు” అంది.

అందరూ ఆగారు. నియమం నియమమే, ఆగక ఏం చేస్తారు? మూలన నీళ్ళలో పైనుంచి చుక్క చుక్క పడుతోంది. ముక్క నా పళ్ళకు తగిలి టకటకమంటోంది, ఆ చప్పుడు కూడా గోడలు తిప్పి పంపుతున్నాయి. బుగ్గ నొప్పెడుతోంది గానీ ఆ దిక్కుమాలిన ముక్క ఎంతకీ కరగదు. తమ్ముడు నాకూ కావాలని అమ్మ చెయ్యి పట్టుకుని లాగాడు. అమ్మ వాడి వైపు చూసింది. డబ్బా మూత మీద ఆమె వేళ్ళు ఆగిపోయాయి.

ముందు ఓపిక పోయింది ఆయనకే. “ఆలస్యం చేస్తే బిడ్డ దక్కడు. ఆ పిల్లతో చెప్పించండి” అన్నాడు.

“నువ్వన్న పేరు నిజమే అయ్యుంటుంది నాయనా, నా కూతురి ముఖం చూస్తే తెలుస్తోంది. నీకెవరు చెప్పారో నాకు తెలీదు” అంది అమ్మమ్మ. “కానీ ప్రభువు రోగి చేతిలోంచి మందు లాక్కున్నట్టు గానీ, వినడానికి వచ్చినవాళ్ళని పొమ్మన్నట్టు గానీ నేనెక్కడా చదవలేదు. బెల్లం ముక్క కరిగేదాకా ఆగలేని మాట ఆయన మాటవుతుందా? నేను ఆమేన్ చెప్పను.” పక్కింటి అక్కను కూర్చోమంది. అమ్మతో “వాడి మాత్ర వేళయింది, వెయ్యి” అంది. ఆఖరికి ఆయనతో, “అన్నం ఉంది, తిని వెళ్ళు” అంది.

ఆయన తినలేదు. ర్యాంపు ఎక్కి ఎండలోకి వెళ్ళిపోయాడు, చెప్పులు మాత్రం అక్కడే ఉండిపోయాయి. అవి ఇవ్వడానికి మా నాన్న వెనకే పరుగెత్తాడు. పైన ఖాళీ నేల, రాళ్ళు తప్ప కనుచూపు మేరలో మనిషి లేడు.

వాటిని పారేద్దామన్నారు అందరూ. “మళ్ళీ వస్తే కావాలి కదా. ఆ మాటకి ఆమేన్ లేదన్నాను గానీ, ఆ మనిషికి చోటు లేదన్నానా?” అంది అమ్మమ్మ. సెల్లారు మా చేతుల్లో ఉన్నంత కాలం ప్రతి ఆదివారం వాటిని దులిపి ర్యాంపు దగ్గర పెట్టేది, అన్నాల దగ్గర ఒక కంచం ఎక్కువ వేసేది. నాకు ఆ చెప్పులంటే చచ్చేంత భయం, వాటి పక్కనుంచి కళ్ళు మూసుకుని పరుగెత్తేదాన్ని. ఆయన మళ్ళీ రాలేదు.

తమ్ముడు శుభ్రంగా ఉన్నాడు. పెద్దయ్యాక మాత్రలు డాక్టరే ఆపించాడు, ఇప్పుడు గచ్చిబౌలిలో ఉద్యోగం. ఆ అపార్ట్‌మెంటు పూర్తయి, సెల్లారు నిండా కార్లున్నాయి. అమ్మమ్మ లేదు, అమ్మ కూడా లేదు. మా సహవాసం సగం ఫోన్లలోకి వచ్చేసింది. బుధవారం సాయంత్రాలు నల్లగండ్లలో మా వంటింట్లో కూర్చుని వీడియోలో కలుస్తాను. ఆమేన్ మాత్రం ఇప్పటికీ ఒక్కొక్కరే చెప్పాలి. నా వంతులో నేను ఆగితే చాలు, “పెద్దమ్మా, మీరు మ్యూట్‌లో ఉన్నారు” అని మొదలుపెడతారు.

కొన్నాళ్ళుగా ఫోను తెర మీద పేరూ ముఖమూ లేని ఒక నల్ల గడి వచ్చి కూర్చుంటోంది. ఎవరో ఏమో, తీసేద్దాం అన్నారు కుర్రాళ్ళు. ఉండనివ్వమన్నాను. పోయిన బుధవారం ఆ గడిలోంచి ఒక మగ గొంతు వచ్చింది. మా అమ్మ పెట్టుకున్న పేరు పలికింది. నేను తప్ప, ఆ రోజు సెల్లారులో దాన్ని విన్నవాళ్ళెవరూ ఇప్పుడు మా గుంపులో లేరు. తర్వాత, బొట్టుతో వచ్చి కూర్చుంటున్న ఒక కొత్త అమ్మాయిని గుంపులోంచి తీసెయ్యమంది, ఇప్పుడే తీసెయ్యమంది. పిల్లలు ఒకరి తర్వాత ఒకరు, ఊపిరే ఎక్కువగా, ఆమేన్ అంటూ వచ్చారు.

వంటింటి గూట్లోంచి పటికబెల్లం డబ్బా తీసి ఒక ముక్క నోట్లో వేసుకున్నాను. “మ్యూట్‌లో లేనర్రా, ఆగండి” అన్నాను. అది కరిగేదాకా ఎవరూ మాట్లాడలేదు. ఆ గడి కూడా మాట్లాడలేదు. అప్పుడు, నేను ఆమేన్ చెప్పనని చెప్పాను.

ఆ అమ్మాయి ఉంది. ఆ నల్ల గడి కూడా ఉంది, తీసెయ్యలేదు. ఈ బుధవారానికి పటికబెల్లం తెచ్చి పెట్టుకున్నాను.