మగ్గం గుంత

ధర్మవరంలో ఒక పాత పెద్ద ఇంటిని అడ్డగోడలతో నాలుగు పోర్షన్లు చేసి బాడుగకిచ్చారు. అందులో ఒకటి మాది. ఉన్నవి రెండే గదులు. ముందు గదిని మగ్గం తినేసేది. వెనక గదిలో పొయ్యి, బిందెలు, పరుపులు, వాటి మధ్య మేము. అమ్మ ఆ పొయ్యి పక్కనే రాట్నం పెట్టుకుని నాయన నేతకు దారం కండెలు చుట్టేది. కొంగుతో చెమట తుడుచుకుంటూ, మగ్గానికున్న మర్యాద ఈ ఇంట్లో మనిషికి లేదని సణిగేది.

పందొమ్మిది వందల డెబ్బైల చివర్లో నాయనకు ఒక యజమాని షెడ్డులో నేసే పని కుదిరింది. ఇంట్లో మగ్గం విప్పి అమ్మేశాడు. నేసేటప్పుడు గట్టు మీద కూర్చుని కాళ్లు లోపలికి వేలాడేసే గుంత మాత్రం మిగిలింది. అమ్మ సందు చూసుకుని ఇంటి ఓనరు దగ్గరికి పోయింది. ఎలాగూ గోడలు పెచ్చులూడుతున్నాయి కాబట్టి ఆయన మరమ్మతుకు ఒప్పుకున్నాడు. గోడలకు సున్నం, గుంత పూడ్చి గదంతా తాడిపత్రి బండలు. ఇక అమ్మను పట్టలేకపోయాం. ట్రంకు పెట్టె ఎక్కడ పెట్టాలో, ఎవరెక్కడ పడుకోవాలో రోజుకో రకంగా చెప్పేది.

నాయన మాత్రం షెడ్డు నుంచి రాగానే ఎదురుగా మగ్గం లేకపోయినా ఆ గుంతలోకి కాళ్లు జార్చి కూర్చునేవాడు. పీట వేస్తే వద్దని అక్కడే అన్నం తినేవాడు. ఆయన్ని చూస్తే నాకు జాలేసేది. అమ్మకు ఒళ్లు మండేది.

"పగలంతా ఆడ గుంతే, ఇంటికొస్తే ఈడ గుంతే. మగ్గమే పాయ, ఇంగ దీంట్లో ఏముండాది?"

"ఏం లేదులే. పూడ్పించు," అనేవాడు నాయన, పళ్లెంలోంచి తల ఎత్తకుండా.

ఎండలు ముదిరాక మేస్త్రీ వచ్చాడు. మట్టి తెప్పించి గడప దగ్గర కుప్ప పోయించాడు. ఆ పొద్దు నాయన పనికి పోలేదు. తలుపుకు ఆనుకుని నిలబడ్డాడు. ఇన్నేళ్లు అన్నం పెట్టిన గుంతను ఊరికే పూడ్చకూడదని అమ్మ పసుపు, కుంకుమ, కర్పూరం పట్టుకుని లోపలికి దిగింది. కొన్ని ఇళ్లలో ఆడవాళ్లు కూడా నేసేవారు గానీ మా ఇంట్లో నేత నాయనది, కండెలు అమ్మవి. ఆమె ఆ గుంతలో కాలు పెట్టడం నేను అప్పుడే చూశాను. గుంత గోడకు బొట్టు పెట్టి, కర్పూరం వెలిగించి, కాస్త ఆయాసమొచ్చి కాళ్లు లోపలే ఉంచి గట్టు మీద కూర్చుంది.

కూర్చున్న మనిషి లేవలేదు. కర్పూరం ఆరిపోయింది. మేస్త్రీ గంప పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"ఏమ్మా, పోసేదా?"

అమ్మ నాయన వైపు తిరిగింది. "ఈడ ఇంత సల్లగ ఉంటాదని ఒక్కనాడన్నా చెప్పినావా?"

"నువ్వు యాడ అడిగితివి?"

"నేను ఆ పొయ్యికాడ ఉడికిపోతాంటే, నువ్వు ఈడ సల్లగ కాళ్లు పెట్టుకోని కూసున్నావు."

నాయన తల వంచుకున్నాడు. కర్పూరం వాసనలో నాకు ఎందుకో ఏడుపొచ్చింది. అమ్మ ఇంకాసేపు కాళ్లు ఆడించుకుంటూ కూర్చుని, మేస్త్రీతో నిదానంగా చెప్పింది.

"ఆ మట్టి ఎత్తుకోప్పా. సుట్టూరా బండలు పరుచు. దీని జోలికి రావద్దు."

కొత్త బండలు నున్నగా కుదిరాయి. గుంత అలాగే ఉండిపోయింది. చూడవచ్చిన పక్క పోర్షన్ వాళ్లు నవ్వుకున్నారు. అమ్మ పట్టించుకోలేదు. మధ్యాహ్నాలు అందులో కాళ్లు పెట్టుకుని వంకాయలు తరిగేది, బియ్యం ఏరేది. సాయంత్రం నాయన వచ్చి, కాళ్లు కడుక్కుని, ఆమె పక్కన నిలబడేవాడు.

"రోంత జరుగు," అనేవాడు.

అమ్మ జరిగేది. వాళ్లిద్దరూ పక్కపక్కన కూర్చోగా అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు.