టీ కన్నా ముందు అయస్కాంతం

ఇంగ్లండులోని లడ్లో ఊళ్లో ఎవరికైనా పాత స్పోర్ట్స్ కారు మీద మనసు పడితే ఆ సంగతి ముందు పెళ్లానికి చెప్పరు, డెస్మండ్ పార్జిటర్‌కి చెబుతారు. బస్సు డిపోలో మెకానిక్‌గా ముప్పై ఏళ్లు చేసి రిటైరైన మనిషి. రెండు సీట్లూ, వానొస్తే పనికిరాని గుడ్డ కప్పూ ఉండే ఆ చిట్టి కార్లంటే ఆయనకి ప్రాణం. వాటి మోజులో పడి ఇంకొకరు మోసపోతే మాత్రం ఒప్పుకోడు.

ఆయన దగ్గరున్న పరికరమల్లా ఒక అయస్కాంతం. హనీమూన్‌కి లాండుడ్నో సముద్రతీరం వెళ్లినప్పుడు కొన్నది, పీత బొమ్మ. రంగు గీసుకుపోకుండా దాన్ని రుమాల్లో చుట్టి తలుపు కింద అంచు వెంట జరిపేవాడు. అతుక్కుంటే ఇనుము, జారిపోతే తుప్పు తిన్న చోట పూసిన లప్పం. తర్వాత బానెట్ మీద అరచెయ్యి వేసేవాడు. వెచ్చగా తగిలిందా, మనం వచ్చేలోగా అమ్మేవాడు ఇంజను వేసి ఉంచాడన్నమాట. చలిలో అది ఎంత మొండికేస్తుందో మన కంట పడనివ్వడు. చివరికి జాకీతో ఒక పక్క లేపి తలుపు తెరిచి చూసేవాడు. తలుపు బిగుసుకుపోతే కింది చట్రం వంగుతున్నట్టు, ఆ బండికి నడుం లేనట్టే.

ఇవన్నీ రాసి కార్ల సంఘం పత్రికలో వేయించాడు కూడా. అందులో మొదటి సూత్రం కారు గురించి కాదు: పరీక్ష పూర్తయ్యేదాకా అమ్మేవాళ్లింట్లో టీ తాగవద్దు.

నవ్వుకుంటే నవ్వుకోండి. ఒకరింట్లో టీ తాగి, కేకు తిని, కుక్క తల నిమిరి, ఆ తర్వాత వాళ్ల మొహం మీదే మీ కారు తుప్పు పట్టిందని అనగలిగిన మొనగాడు మా వైపు ఇంకా పుట్టలేదు. పంతొమ్మిదేళ్ల కిందట డెస్మండే బోల్తా పడ్డాడు. ఒక పెద్దావిడ రెండు కప్పుల టీ పోసి సోంపు కేకు పెట్టింది. ఆ తర్వాత కారంతా తిప్పినా పీత ఎక్కడా నిలవలేదు. ఈయనేమో చక్కటి బండి అని మెచ్చుకుని కొనుక్కొచ్చాడు. ఆ ఆకుపచ్చ కారు అప్పట్నుంచీ గరాజులో దుప్పటి కప్పుకుని కూర్చుంది. రోడ్డెక్కింది లేదు. ఇంజను పట్టెయ్యకుండా ప్రతి ఆదివారం చేత్తో తిప్పుతూ వచ్చాడు, అంతే.

ఆయన భార్య ఎవ్రిల్ కుండలు చేస్తుంది. ఇన్నేళ్లూ చర్చి హాలులో, వేరేవాళ్లు లేచాక వాళ్ల చక్రం మీద చేసుకుంది. మొన్న సొంతానికి చక్రమూ, కుండలు కాల్చే కరెంటు బట్టీ కొనేసింది. సోమవారం ఇంటికొస్తాయి. పెట్టడానికి గరాజు తప్ప చోటు లేదు.

"సోమవారానికి గరాజులో ఆ కారుంటే నేనుండను," అంది ఎవ్రిల్. ఆవిడ గొంతు పెంచలేదు కాబట్టి డెస్మండ్‌కి నిజంగానే భయం వేసింది.

కారు అమ్ముతానని డెస్మండ్ ఇచ్చిన ప్రకటన చూసి శనివారం ఒకే ఒక్కావిడ వచ్చింది. రొవీనా టెంచ్ అని, హెరిఫర్డ్ వైపు పశువుల డాక్టరు. వస్తూనే సంచీలోంచి రుమాలు తీసింది, అందులోంచి అయస్కాంతం తీసింది, ఆ పైన పత్రికలోంచి కత్తిరించిన డెస్మండ్ సూత్రాల కాగితమే తీసింది. ఆయనకి గర్వమూ, భయమూ రెండూ ఒకేసారి పుట్టాయి.

వంటింటి కిటికీలోంచి ఆ అయస్కాంతాన్ని ఎవ్రిల్ కూడా చూసింది. మూడు నిమిషాల్లో పళ్లెం బయటికొచ్చింది. పెళ్లినాటి కప్పులు, నిమ్మకాయ కేకు. రొవీనా మర్యాదస్తురాలు, చెయ్యి చాపింది. బట్టీ ఒక పక్కా, ముప్పై ఏళ్ల పరువు ఒక పక్కా డెస్మండ్‌ని లాగాయి.

"తాగకండి," అన్నాడు. "ముందు అయస్కాంతం పెట్టండి."

ఎవ్రిల్ చూసిన చూపు గురించి రాయకపోవడమే మంచిది.

ఇక ఆయన ఆగలేదు. లప్పం ఎక్కడెక్కడుందో వేలు పెట్టి చూపించాడు. అడుగు రేకుని తుప్పు తినేసిందన్నాడు. జాకీ పరీక్ష కూడా చూడాల్సిందేనని రొవీనాని లోపల కూర్చోబెట్టి, తలుపేసి, బండి లేపాడు. తలుపు బిగుసుకుంది. ఇంకొంచెం లేపితే రెండో తలుపూ బిగుసుకుంది. జాకీ దించబోతే జాకీ కూడా కదల్లేదు.

"ఇప్పుడు పరీక్ష అయినట్టేగా?" అని ఎవ్రిల్ టీ కప్పు తీసుకెళ్లి కారు కిటికీలోంచి రొవీనా చేతికిచ్చింది.

రొవీనా లోపలే కూర్చుని టీ తాగింది, కేకు రెండు ముక్కలు తింది. ఇంజను సంగతేమిటని అడిగింది. అదొక్కటే బంగారమని, పంతొమ్మిదేళ్ల ఆదివారాలు దానికే ధారపోశానని డెస్మండ్ చెప్పాడు.

"అయితే తీసుకెళతాను," అందావిడ. "మా ఇంట్లో ఇలాంటిదే ఒకటి ఇంజను లేక పడుంది. ఇన్ని లోపాలు చెప్పిన మనిషి ఇంజను బాగుందంటే నమ్ముతాను. ముందు నన్ను బయటికి లాగండి."

కారు పైనున్న గుడ్డ కప్పు మడిచి మొగుడూ పెళ్లాలిద్దరూ కలిసి ఆవిణ్ణి పైనుంచి లాగారు. నానా తంటాలు పడి జాకీ దించాక, సాయంత్రానికి కారు ట్రెయిలరెక్కి వెళ్లిపోయింది.

ఖాళీ గరాజులో నిలబడితే డెస్మండ్‌కి ఏడుపొచ్చినంత పనైంది. ఎవ్రిల్ వచ్చి పక్కన నిలబడింది. టీ వద్దన్నందుకు దులిపేస్తుందని ఎదురుచూశాడు.

"నీ మొదటి సూత్రం నాకు పెళ్లికి ముందే తెలిసుండాల్సింది," అంది. "నిన్ను చూడ్డానికి మీ ఇంటికొచ్చిన రోజు, నువ్వు మేడ దిగకముందే మీ అమ్మ నాకు రెండు కప్పుల టీ పోసేసింది."

ఆయన జేబులోంచి పీతను తీసి ఆయన నుదుటి మీదే పెట్టి చూసింది. జారి కింద పడింది.

"మొత్తం లప్పమే," అని, లోపలికెళ్లి ఆయన కోసం టీ పెట్టింది.