కోదాడ మేడం నన్ను పొగిడిన సంగతి

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, ఈ మూడూళ్లల్ల నేను సూది గుచ్చని చెయ్యి ఉన్నదంటే, ఆ చెయ్యి ఇంకా పుట్టలేదన్నట్టే. నేను ల్యాబ్ టెక్నీషియన్‌ను. రక్తం తీస్త, పరీక్ష చేస్త, మిషన్ మొరాయిస్తే తిట్టి దారికి తెస్త. నేను తీసిన రక్తమంత ఒక్కకాడ పోస్తే ఎడమ కాలువ కింద వానకాలం, యాసంగి రెండు పంటలకూ సరిపోతది. బస్సుల నాకు ఎదురుపడ్డోళ్లు నమస్తే పెట్టరు. ముందు చొక్కా చేతులు కిందికి దించుకుంటరు.

అట్లాంటి నేను, నలభై నాలుగేండ్లు నిండినంక, ఆస్ట్రేలియాల శాశ్వతంగ ఉండేటందుకు అర్జీ పెట్టుకున్న. సూర్యాపేటల కిరాయి ఇంట్ల కూసోనే. చదువు పేరుతోని పోయి, హోటల్ల గిన్నెలు కడిగి, మెల్లగ పాతుకునే తొవ్వ ఒకటుంటది. అది పోరగాండ్ల తొవ్వ. ఇంకోటి, చేతిల పని ఉన్నోళ్లు ఉన్న ఊరినుంచే నేరుగ అడిగే తొవ్వ. ముందు మన పని నిజమైన పనేనని వాళ్లు తేల్చుకుంటరు. ఆ తర్వాత వయసుకిన్ని, ఇంగ్లిష్‌కిన్ని, అనుభవానికిన్ని మార్కులేస్తరు. సరిపోతే పిలుస్తరు. నలభై అయిదు నిండినయా, తలుపు బంద్.

"ఈ వయసుల నీకెందుకే?" అని అడగనివి మా గల్లీల కుక్కలొక్కటే. అవి గూడ అడుగుదామనే మొరిగినయేమో తెల్వదు. ఇరవై ఏండ్లుగ నేను చేసిన పరీక్షల కింద సంతకాలన్నీ వేరేటోళ్లయి. నా పని నా పేరు మీద ఉంటే ఎట్లుంటదో చూడాలనిపించింది. అంతకంటె పెద్ద కారణం నా దగ్గర లేదు, ఉన్నా చెప్ప. పెండ్లి చేసుకోలేదు కదా, అందుకే పారిపోతున్నదన్నరు కొందరు. సంబంధాలు రాక చేసుకోలేదనుకున్నరా? వచ్చినయి. వచ్చినోళ్లను చూసే చేసుకోలేదు.

నా అనుభవంల సగం కోదాడది. మిర్యాలగూడల పని నేర్చుకున్న, సూర్యాపేటల ఇప్పుడు చేస్తున్న, నడుమ ఏండ్లన్నీ కోదాడల ఒక డాక్టర్ గారి ల్యాబ్‌ల గడిచినయి. అర్జీ పెట్టినంక, నేను నిజంగ పనిచేసిన్నా లేదా అని ఆ దేశం ఆఫీసు తరఫున తెలుగొచ్చిన ఒకామె మూడు చోట్లకూ ఫోన్ చేసింది. సూర్యాపేట డాక్టర్, "ఆమె పనిచేసుడు కాదమ్మా, మాతోని చేయిస్తది" అన్నడట. అది సాఫ్. మిర్యాలగూడ గూడ సాఫ్. కోదాడ కాడ బండి బోల్తా కొట్టింది.

మెయిల్ వచ్చింది. కోదాడల మీరు ఈ పని చేసినట్టు మాకు నమ్మకం కుదరలేదు, నెలలోపల జవాబియ్యండి, లేకుంటే ఆ ఏండ్లు లెక్కల్నుంచి తీసేస్తం అని. ఎందుకో గూడ రాసిన్రు: ఈమెకు సూదంటే భయం, రక్తం చూస్తే కండ్లు తిరుగుతయి, ఊరికే కాలక్షేపానికి వచ్చేదని అక్కడోళ్లు చెప్పిన్రట.

నేను ఆ మెయిల్ చదివి పెట్టిన అరుపుకు పక్కింట్ల కుక్కర్ విజిల్ ఆగిపోయింది.

ఆదివారం పొద్దున్నే మిర్యాలగూడకు, వీసాల కన్సల్టెంట్ కాడికి ఉరికిన. రైస్ మిల్లుల నడుమ ఆఫీసు. కుర్చీ మీద ఊక దుమ్ము ఎంతున్నదంటే, కూసుంటే నాటేసినట్టే ఉన్నది.

"అక్కా, కోదాడ ఏండ్లు పోతే నీ మార్కులు చాలవు," అన్నడు. "వచ్చే ఏడు అడుగుదమంటే నీకు వయసుండదు."

"మరెట్ల?"

"ఒక తొవ్వున్నది. ఆడ శాశ్వతంగ ఉండే హక్కు, గదే పీఆర్, వచ్చినాయన ఒకాయన ఉన్నడు. పెండ్లాం ఇడిసిపెట్టి పోయింది. జర నవ్వుకుంట మాట్లాడు, లగ్గమైతది, ఆయన భార్యగ పోతవ్. మార్కుల్లేవ్, పరీక్షల్లేవ్, పరేషాన్ లేదు."

"నేను సూదితోని పోత తమ్మీ, పుస్తెతోని కాదు," అని లేచిన.

"గింత కోపమైతె ఎట్లక్కా?"

"ఇది కోపం కాదు. కోపమొస్తే మీ మిల్లులన్నీ కరెంటు లేకుంటనే నడుస్తయి."

ఆ ఊపుల ఇల్లు గూడ చేరకుంట కోదాడ బస్సెక్కిన. దొరికిన సీటు టైరు మీదిది. ఎన్ని గుంతలున్నయో అన్నీ నా నడుముకు అప్పజెప్పింది.

కోదాడల డాక్టర్ గారు కాలం చేసిన్రు. ల్యాబ్ ఆయన భార్యే చూసుకుంటది. మేమంత మేడం అంటం. డెబ్బై దాటినా కౌంటర్‌ల కూసుంటే కలెక్టరే. నన్ను చూడంగనే చేతులు చాపింది.

"వచ్చావా తల్లీ! ముహూర్తం ఎప్పుడు?"

"ఏం ముహూర్తం?"

"దాస్తావేంటే? ఆస్ట్రేలియా సంబంధం కదూ! ఫోన్ వచ్చింది. ఎంత మర్యాదగా అడిగిందో ఆవిడ. పెళ్లికొడుకు అక్కయ్య అనుకుంటా."

అప్పుడు నాకు సంగతి తలకెక్కింది. మా దిక్కు తెల్వని నంబర్‌నుంచి ఫోన్ చేసి, ఫలానా అమ్మాయి ఎట్లాంటిది, మీకాడ ఎన్నేండ్లు పనిచేసింది అని అడిగితే అది పెండ్లి విచారణే. ఇంకోటి కానే కాదు. అడిగింది మగపిల్లగాని గురించైతే ఉన్నదానికి పదింతలు చెప్తరు, అటెండర్ ఆఫీసరైతడు. ఆడపిల్ల గురించైతే పదో వంతుకు కోసి చెప్తరు. ఎంత చిన్నగ కనవడితే అంత మంచిపిల్లన్నట్టు. గోరంతను కొండంత చేసుకుంట బతికే నన్ను, మేడం ప్రేమతోని గోరంత చేసి పెట్టింది.

"ఆమె పెండ్లికొడుకు అక్క కాదు మేడం, వీసా ఆఫీసుది. నాకు పని వచ్చా రాదా అని అడిగింది."

మేడం మొఖం పాలిపోయింది. "అయ్యో, నేను అన్నీ మంచే చెప్పాను కదే! రాత్రిళ్లు ఒక్కతే డ్యూటీ చేసేదా అని అడిగింది. పెళ్లికాని పిల్ల గురించి అవునని ఎలా చెప్పను? చీకటి పడకముందే ఇంటికెళ్లిపోయేదన్నా."

"డెంగీ సీజన్ల తెల్లారేదాంక మిషన్ కాడ కూసున్నదెవరు?"

"నువ్వే."

"సూదంటే భయమెవరికి?"

"నీకు కాదులే. నువ్వంటే సూదికి భయం." కండ్లద్దాలు తీసి తుడుచుకున్నది. "సుకుమారం అంటే ఇష్టపడతారని అన్నానే. మానేయమంటే రేపే ఉద్యోగం మానేస్తుందని కూడా చెప్పా."

"మేడం, వాళ్లకు మళ్ల మాట్లాడమని రాస్త. ఈసారి నన్ను ఉన్నదున్నట్టు చెప్పాలె. తిట్టినట్టున్నా సరే."

"అవన్నీ చెబితే నిన్నెవరు చేసుకుంటారే?"

"ఎవరూ చేసుకోవద్దు. పనిల పెట్టుకుంటే చాలు."

ఆమె కండ్లద్దాలు మళ్ల పెట్టుకుని కుర్చీ సర్దుకున్నది. నా మీద కోపమొచ్చిందనుకున్న. కోపం కాదు, నన్ను తిట్టుడు మొదలుపెట్టేటందుకు నోరు వస్తలేదు. "ఆవిడ కొంచెం గట్టిగా మాట్లాడుతుంది," అని, ఫోన్ల నా గురించి చెప్పాల్సినదానికి తాలీమ్ మొదలుపెట్టింది.

"కొంచెమా?"

"బస్టాండుకు వినపడుతుంది."

"గట్ల చెప్పున్రి."

నేను రాసినంక వీసా ఆఫీసోళ్లు మేడంకు వీడియో కాల్ పెట్టిన్రు. నన్ను గదిల ఉండొద్దన్నరు. నేను పక్కనే శాంపిళ్ల గదిల, మాటలు వినవడేకాడ, ఫ్రిజ్ పక్కన నిలబడ్డ. నా గుండె కొట్టుకునుడుకు రాక్‌ల ట్యూబులు గలగలమన్నయి.

మేడం షురూ చేసింది: "చాలా నెమ్మదైన..." ఆగింది. ఆ ఆగుడుల నాకు నలభై అయిదు నిండిపోయినట్టనిపించింది. ఈమె మళ్ల నన్ను పెండ్లికూతురును చేసిందంటే అంతా ఖతం.

"కాదండీ. నెమ్మది అస్సలు లేదు. పోయినసారి నేను చెప్పింది పెళ్లివారనుకుని చెప్పింది. ఇప్పుడు నిజం చెబుతా, రాసుకోండి. ఊళ్లో పెద్దమనిషి ఒకాయన షుగర్ తగ్గించి రాయమని వచ్చాడు. ఈవిడ రాయనంది. సర్దుకుపొమ్మని మా ఆయనే చెప్పారు. అయినా రాయనంది. మళ్లీ రక్తం తీసి పరీక్ష చేసింది, ఇంకా ఎక్కువొచ్చింది. అదే రాసిచ్చింది."

అటు దిక్కు ఆమె ఏమో అడిగింది.

"మిషనా? ఒకసారి ఒక పిల్లాడికి ప్లేట్‌లెట్లు బాగా తక్కువ చూపించింది. మా ఆయన సంతకం కూడా పెట్టేశారు. ఈవిడ ఆ కాగితం వెనక్కి పట్టుకొచ్చి, మిషన్ చెప్పింది తప్పు, స్లైడ్ చూడండంది. చూస్తే నిజమే, కణాలు ముద్దలు కట్టి ఉన్నాయి. పిల్లాడికి ఏమీ లేదు. ఆరోజు మా ఆయన రోషంతో అన్నం తినలేదండీ. మర్నాటినుంచి ఈవిడ చూడందే దేనిమీదా సంతకం పెట్టలేదు."

ఆ ఆఖరి మాట నాకు గూడ తెల్వదు. అన్ని ఏండ్లు ఆ ల్యాబ్‌ల ఉన్నా, ఆ సంతకాల ముందు నా చూపు ఉన్నదని ఎవరూ చెప్పలేదు. ఫ్రిజ్ తలుపు పట్టుకుని నిలబడ్డ. అంతసేపు నోరు మూసుకుని ఉండుడు నా జీవితంల అదే మొదలు.

చివరికి అడిగిన్రు, ఈమెను మళ్ల పనిల పెట్టుకుంటరా అని.

"పెట్టుకోనండి," అన్నది మేడం.

నా పాణం గుటుక్కుమన్నది.

"ఇక్కడ ఆవిడ నేర్చుకోవడానికి ఇంకేం మిగల్లేదు. మీరే పెట్టుకోండి. కానీ ముందే చెబుతున్నా, మీరు సంతకం పెట్టాక కూడా వెనక్కి పట్టుకొస్తుంది."

కోదాడ ఏండ్లన్నీ ఒప్పుకుంటున్నమని మెయిల్ వచ్చినరోజు, సూర్యాపేటల పొద్దంత నేను తీసిన రక్తం ఎవరికీ నొప్పి పెట్టలేదట. చివ్వెంలనుంచి వచ్చిన ఒకాయనైతే ఇంకో చెయ్యి గూడ చాపిండు.

సాయంత్రం కంప్యూటర్ల మార్కులేసే అర్జీల నా వివరాలు నింపుకుంట పోయిన. భర్త ఉన్నడా అని అడిగిన్రు. లేడు అని నొక్కిన. ఒంటరిగ వచ్చేటోళ్లకు అదనంగ మార్కులేస్తరని కన్సల్టెంట్ నాకు చెప్పలేదు. వేసిన్రు. కండ్లు నులుముకుని మళ్ల చూసిన, ఉన్నయి. ఇన్నేండ్లు ఇల్లిల్లు తిరిగి అందరూ నాకు గుండుసున్న పెట్టిన దానికి, ఒక దేశం దేశమే మార్కులేసింది.

పిలుపు ఇంకా రాలేదు. నా పుట్టినరోజు దాంక వాళ్లకు టైమున్నది. అర్జీ పంపంగనే మేడంకు ఫోన్ చేసి ఈ సంగతి చెప్పిన.

"పెళ్లి కానందుకు మార్కులా?" అన్నది. "ఏమే, డెబ్బై దాటినవాళ్లకి తలుపు పూర్తిగా మూసేశారా?"